గడువు దాటిన రీఫండ్ చెక్కు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గడువు దాటిన రీఫండ్ చెక్కు గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం అడగబోయి ఆగిపోయాను, తమరు కాలధర్మం చెందినట్లు బ్యాంకు వారు రిటర్న్ మెమో జతచేసి మరీ ధ్రువీకరించారు గనుక. అయితే తమరు పోయినంత మాత్రాన తమరి మీద వ్రాసిన డబ్బు ఎక్కడికీ పోలేదు. అది బయలుదేరవలసిన ఖాతాలోనే సుఖంగా ఉంది. ఈ లేఖ ఆ డబ్బు గురించి, దాని మీద ఇన్నాళ్ల వడ్డీ ఎవరు తిన్నారన్న సంగతి గురించి.

తమరిని ఎదురుగా పెట్టుకునే వ్రాస్తున్నాను. ఎడమ చేతి మూలన రెండు ఏటవాలు గీతల మధ్య ‘అకౌంట్ పేయీ’ అన్న ముద్ర, కుడివైపు తేదీ కోసం ఎనిమిది గళ్లు, ఆ గళ్లకు దగ్గర్లో భూతద్దానికి పని కల్పించే అక్షరాలతో మూడు నెలల వరకే చెల్లునన్న హెచ్చరిక, అంకెల గడిలో 23,460 రూపాయలు, అడుగున యంత్రం చదువుకోవడానికి వదిలిన తెల్లని పట్టీ. ఆ పట్టీని మడవవద్దని బ్యాంకుల వారు అందరికీ చెబుతుంటారు. తమరిని పంపిన కంపెనీ దాన్ని కూడా కలిపే మడతలు పెట్టి కవరులో దూర్చింది. సంతకం చోట ఉన్నది కూడా అచ్చులో పడిన సంతకమే కాబట్టి, తమరిని సాగనంపేటప్పుడు ఏ మనిషీ ఒక్కసారైనా పరకాయించి చూడలేదని ధైర్యంగా చెప్పవచ్చు.

తమరు ఎవరి పేరున పుట్టారో ఆయన మా వీధిలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయులు. పేరెందుకు గాని, మాస్టారు అంటే వీధిలో అందరికీ తెలుసు. ఆయన ఆరోగ్య బీమా కోసం ఒక కంపెనీకి ప్రీమియం కట్టారు. కంపెనీ వారు రక్తపరీక్షలు చేయించి, షుగరు చూసి, పాలసీ ఇవ్వలేమని, కట్టిన సొమ్ము తిరిగి పంపుతామని తెలియజేశారు. అంతవరకు ఎవరినీ తప్పుపట్టవలసింది లేదు. కాని ప్రీమియాన్ని ఆయన ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో రెప్పపాటులో లాక్కున్నవారికి, అదే ఖాతాకు తిరిగి పంపవలసి వచ్చేసరికి హఠాత్తుగా కాగితం మీద గౌరవం పెరిగింది. తమరికంటే ముందు పుట్టిన చెక్కు మీద మాస్టారి ఇంటిపేరు పూర్తిగా, అసలు పేరు పొడి అక్షరంగా అచ్చయి వచ్చింది. ఇంటిపేరు ముందు వ్రాసుకునే తెలుగువాళ్ల సంగతి ఆ కంప్యూటరుకు ఎవరూ చెప్పినట్లు లేదు. పాస్‌బుక్కులో పేరుతో కలవడం లేదని బ్యాంకు వారు తిప్పిపంపారు. మాస్టారు ఆ చెక్కును జతచేసి, పేరు సరిదిద్దమని, తాను తెనాలి ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాదులో కూతురి దగ్గరికి వచ్చేశాను గనుక కొత్త చిరునామాకు పంపమని చక్కటి దస్తూరీతో ఉత్తరం వ్రాశారు. కంపెనీ ఆ ఉత్తరంలో సగం చదివింది. పేరు సరిదిద్ది, తమరిని తెనాలికే పంపింది.

తెనాలిలో అద్దెకున్నవారు బుద్ధిమంతులు. కవరు చింపకుండా, గోడకు తగిలించిన సంచిలో కరెంటు బిల్లుల పక్కన భద్రంగా పెట్టారు. మాస్టారు సంక్రాంతికి వెళ్లినప్పుడు తమరు బయటపడ్డారు, అప్పటికే తమరి ఊపిరి ఆగి కొద్దిరోజులైంది. ఇందులో ఇంకొక ముచ్చట ఉంది. తమరి మీది తేదీ దసరాకు ముందుది, కవరు మీది పోస్టాఫీసు ముద్ర దీపావళి దాటాక పడింది. అంటే తమరి మూడు నెలల జీవితంలో దాదాపు మూడో వంతు కంపెనీ వారి బల్ల మీదే గడిచిపోయింది. గడువును తేదీ నుంచి లెక్కపెట్టడం, కాగితాన్ని మాత్రం తీరిక దొరికినప్పుడు పోస్టులో వేయడం ఎవరు కనిపెట్టారో గాని, పుచ్చుకునేవాడి కాలాన్ని ఇచ్చేవాడు ఖర్చుపెట్టడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

పూర్వం తమరి వంశానికి ఆరు నెలల ఆయుష్షు ఉండేది. 2011 నవంబరులో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చి, 2012 ఏప్రిల్ 1 నుంచి దాన్ని మూడు నెలలకు కుదించింది. కొందరు చెక్కులను, డ్రాఫ్టులను ఆరు నెలల పాటు నగదు మాదిరిగా బజారులో చేతులు మారుస్తున్నారని కేంద్ర ప్రభుత్వం ఆ బ్యాంకు దృష్టికి తేవడమే దానికి కారణం. సబబైన కారణమే. కాని రెండు గీతలు పడి, ఒకే ఒక్క మనిషి ఖాతాలో తప్ప మరెక్కడా జమకావడానికి వీల్లేని తమరిని ఎవరు చేతులు మారుస్తారు? నల్లబజారు వ్యాపారికి వేసిన శిక్ష షుగరున్న మాస్టారికి కూడా పడింది. తమరి దూరపు చుట్టం అమెరికా ట్రెజరీ చెక్కుకు నేటికీ ఏడాది ఆయుష్షు ఉందని తెలిస్తే తమరు నొచ్చుకుంటారేమో.

ఇక కంపెనీ వారి జవాబుకు వస్తాను. “చెక్కు మా నుంచి ఇదివరకే జారీ అయినందున మా బాధ్యత పూర్తయినట్లు గమనించగలరు” అని వారు మాస్టారికి వ్రాశారు. శుభలేఖ పోస్టులో వేసి పెళ్లిభోజనం పెట్టేశామని చెప్పుకోవడం ఇటువంటిదే. చెక్కు ఇవ్వడమంటే షరతుతో కూడిన చెల్లింపు మాత్రమేనన్నది న్యాయస్థానాల్లో ఎప్పుడో స్థిరపడిన మాట. డబ్బు జమ అయితేనే బాకీ తీరుతుంది, కాకపోతే బాకీ బాకీగానే ఉంటుంది. తమరి పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉన్న 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 84వ సెక్షన్ సరిగ్గా ఈ తగాదా గురించే మాట్లాడుతుంది. చెక్కు పుచ్చుకున్నవాడు తగిన వ్యవధిలో బ్యాంకుకు తీసుకువెళ్లకుండా ఆలస్యం చేసి, ఆ ఆలస్యం వల్ల చెక్కు ఇచ్చినవాడికి నిజంగా నష్టం కలిగితే, ఆ నష్టం మేరకు మాత్రమే అతని బాధ్యత తగ్గుతుంది. చట్టం ఇచ్చిన ఉదాహరణ ఇంకా ముచ్చటైనది. ఒకడు 1,000 రూపాయలకు చెక్కు ఇచ్చాడు, ఖాతాలో సొమ్ము ఉంది, పుచ్చుకున్నవాడు తాత్సారం చేశాడు, ఈలోగా బ్యాంకు దివాళా తీసింది. అప్పుడు చెక్కు ఇచ్చినవాడు బయటపడతాడు. మాస్టారి విషయంలో ఏ బ్యాంకూ దివాళా తీయలేదు, కంపెనీకి ఒక్క రూపాయి నష్టం రాలేదు. పైగా ఆ 23,460 రూపాయలు వారి పుస్తకాల్లోనే ఉన్నాయి. మాస్టారు ఆలస్యం చేశారని కాసేపు ఒప్పుకున్నా, 84వ సెక్షన్ కంపెనీ పక్షాన నోరు విప్పదు. ఆయనకు లేకుండా పోయింది ఒక్కటే: తమరు గడువులో బ్యాంకుకు వెళ్లి తిరిగొస్తే చెక్కు బౌన్సయిన కేసు 138వ సెక్షన్ కింద పెట్టవచ్చు, గడువు దాటినవారి మీద ఆ అవకాశం లేదు. ఖాతాలో సొమ్ము పుష్కలంగా ఉన్న కంపెనీ మీద ఆ కేసు ఎలాగూ నిలబడదు, కనుక ఆ లోటుకు ఎవరూ విచారించనక్కర లేదు.

అసలు సంగతి అలా తేలిపోయింది గనుక వడ్డీ దగ్గరికి వద్దాం. ఈ దేశంలో వడ్డీ ఏకముఖ ప్రయాణం చేస్తుంది. మనం ఆదాయపు పన్ను కట్టడంలో వెనకబడితే నెలకు 1 శాతం వసూలు చేసేవారు, మనకు రావలసింది ఆలస్యమైతే 244ఎ సెక్షన్ కింద నెలకు అర శాతం ఇచ్చే పద్ధతిని 1961 నాటి చట్టంలో పెట్టుకున్నారు. అయినా అక్కడ ఒక న్యాయం ఉందని ఒప్పుకోవాలి: రీఫండ్ ఆలస్యానికి పన్ను కట్టినవాడే కారకుడైతే, ఆ మేరకు కాలాన్ని తీసివేసి వడ్డీ లెక్కగడతారు. ఆలస్యం ఎవరిదో ముందు తేల్చి, తరవాత వడ్డీ ఎవరికో చెప్పడమన్నమాట. ఆ శాఖ వారు 2019 మార్చి 1 నుంచి రీఫండ్లను పాన్‌తో జతపరచిన బ్యాంకు ఖాతాలకే పంపుతూ తమరి వంశంతో తెగతెంపులు చేసుకున్నారు. పన్నుల శాఖకు చేతనైన పని ప్రైవేటు కంపెనీకి చేతకాదంటే నేను నమ్మను. డబ్బు పంపకపోయినా పంపినట్లు చెప్పుకునే వెసులుబాటు తమరి దగ్గరే ఉంది, అందుకే తమరిని వదలడం లేదు.

న్యాయం రెండువైపులా చెప్పాలి. చెక్కును పట్టుచీరల మడతల్లో, దేవుడి పటం వెనకాల, ఎల్ఐసీ డైరీలో దాచి, మూడు నెలలు మరచిపోయి, ఆపైన వడ్డీతో సహా ఇమ్మని కంపెనీ మీద విరుచుకుపడేవారు మన చుట్టాల్లోనే బోలెడుమంది ఉన్నారు. సరైన పేరుతో, సరైన చిరునామాకు, గడువు మిగిలి ఉండగా చెక్కు అందిన తరవాత కాలానికి వడ్డీ అడిగే హక్కు వారికి ఉందని నేను వాదించను. అసలు మాత్రం అడగవచ్చు, అందులో ఒక్క పైసా తగ్గడానికి వీల్లేదు. కాని పేరు తప్పు, చిరునామా తప్పు, పోస్టు ఆలస్యం మూడూ కంపెనీవే అయినప్పుడు, సొమ్ము తిరిగి ఇవ్వవలసిన నాటి నుంచి చేతికందే నాటి వరకు ప్రతి రోజుకూ వడ్డీ కట్టవలసింది కంపెనీయే. క్లెయిము చెల్లింపు ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మరో 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలని 2017 నాటి బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు చెప్పాయి. పాలసీయే ఇవ్వకుండా అట్టిపెట్టుకున్న సొమ్ముకు అంతకంటే తక్కువ రేటు ఎందుకు ఉండాలో నాకు అర్థం కాదు.

తమరి పరలోక యాత్ర గురించి కూడా విచారించాను. బీమా కంపెనీల దగ్గర ఇలా ఎవరూ తీసుకోకుండా పదేళ్లు పడి ఉన్న సొమ్ము కేంద్ర ప్రభుత్వపు సీనియర్ సిటిజన్ల సంక్షేమ నిధికి వెళుతుంది. అంటే డెబ్బయ్యేళ్లు దాటిన మా మాస్టారికి ఇవ్వకుండా దాచిన ఆయన సొమ్మును వృద్ధుల సంక్షేమం కోసం వినియోగిస్తారు. ఆయన కూడా వృద్ధుడే కదా, ఆయన వాటా ఆయనకు ఏదో రూపంలో అందకపోతుందా అని కంపెనీ వారి ధీమా కాబోలు! అక్కడికి చేరాక మరో 25 ఏళ్ల లోపు ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము కేంద్ర ప్రభుత్వపరం అవుతుంది. మాస్టారికి అప్పటికి వందేళ్లు దాటతాయి గనుక ఆయన తొందరపడనవసరం లేదు. తమరి బంధువు డిమాండ్ డ్రాఫ్టు గతి కూడా మెరుగైనదేమీ కాదు. పదేళ్లకు అది రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల నిధికి చేరుతుంది, అక్కడ 3 శాతం వడ్డీ ఇస్తారు గాని వడ్డీ వచ్చే డిపాజిట్లకే తప్ప డ్రాఫ్టులకు కాదు. కంపెనీల డివిడెండు వారంట్లు ఏడేళ్లకే ఇంకో నిధికి తరలిపోతాయి. పుచ్చుకోవలసినవాడి ఇంటికి తప్ప అన్నిచోట్లకూ ఈ సొమ్ముకు దారి తెలుసు.

మాస్టారు మళ్లీ వ్రాసిన ఉత్తరానికి కంపెనీ ఈసారి కాస్త మెత్తబడింది. కొత్త చెక్కు ఇవ్వడానికి అభ్యంతరం లేదని, అందుకు తమరిని వాపసు చేస్తూ పాన్, ఆధార్ ప్రతులు, రద్దు చేసిన చెక్కు ఒకటి, స్టాంపు కాగితం మీద ఇండెమ్నిటీ బాండు పంపాలని తెలియజేసింది. ఆ బాండులో, ఈ చెల్లింపు వల్ల కంపెనీకి భవిష్యత్తులో ఏ నష్టం వాటిల్లినా మాస్టారు భరిస్తానని హామీ ఇవ్వాలి. తప్పు పేరు అచ్చు వేసింది, తప్పు ఊరికి పంపింది, నెల పాటు బల్ల మీద పెట్టుకుంది వారైతే, నష్టపరిహారపు హామీ ఇవ్వవలసింది ఈయన! స్టాంపు కాగితం ఖర్చు కూడా ఈయనదే. వడ్డీ ఊసు ఆ లేఖలో ఎక్కడా లేదు.

మాస్టారు నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. తమరిని వాపసు చేయడానికి ఆయన ఒప్పుకోలేదు. ఖాతా నంబరు వ్రాసి, అసలును నేరుగా దానికి జమచేయమని, వడ్డీ లెక్క వేరే కాగితం మీద తారీఖులతో సహా వేసి పంపారు. కంపెనీ వడ్డీ ఇవ్వనని వ్రాసిచ్చింది. ఆ తిరస్కరణ అందిన ఏడాదిలోగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వ్యవహారాలు చూస్తూ బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని పరిష్కరించే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు, వకీలూ అక్కర లేదు, రుసుమూ లేదు. ఆయన ఫిర్యాదు సిద్ధమైంది. విచారణ నాడు తమరు అసలు ప్రతిగా హాజరు కావలసి ఉంటుంది. వచ్చేటప్పుడు తమరితో పాటు తెనాలి చిరునామా, దీపావళి తరవాతి పోస్టు ముద్ర ఉన్న ఆ కవరును కూడా తప్పక వెంటబెట్టుకు రాగలరు, తమరికంటే దాని సాక్ష్యమే ముఖ్యం.

చిత్తగించవలెను.

ఇట్లు,
మాస్టారి పొరుగింటివాడు