విద్యానగర్‌లో మంచుబండి బేరం

మే నెల. రాత్రి తొమ్మిదైనా మా విద్యానగర్ ఇంట్లో గోడలు ఇంకా సెగలు కక్కుతున్నాయి. కూలర్‌లో నీళ్లు అయిపోయి అది ఉత్త వేడిగాలి కొడుతోంది. అప్పుడు మినియాపోలిస్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, మంచు మీద నడిచే బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనాలి. ఏమేం చూసుకోవాలి?"

నన్నే ఎందుకు అడిగాడంటే మా రెండు కుటుంబాల్లో సెకండ్ హ్యాండ్ సరుకుకు నేనే నిపుణుణ్ని. ఇప్పటిదాకా రెండు చేతక్‌లు, ఒక లూనా, ఒక మారుతీ, రెండు ఫ్రిజ్‌లు, ఒక కుట్టుమిషను కొన్నాను. వాటిలో సగం ఇంటికి వచ్చిన వారం లోపే మొండికేశాయి. కానీ మోసపోయినవాడికి ఉన్న అనుభవం మోసపోనివాడికి ఎక్కడినుంచి వస్తుంది? ఇక మంచు విషయానికొస్తే, లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌లో వాళ్లిచ్చిన కోటు, బూట్లు వేసుకుని ఒకసారి తిరిగాను. మిగతా పరిచయమంతా ఫ్రీజర్‌లో పేరుకున్న గడ్డను అట్లకాడతో గీకడమే.

"దేనికిరా బండి?" అన్నాను.

"గ్రూమింగ్‌కి బావా."

మా ఆవిడ బ్యూటీ పార్లర్ అనుకుంది. వాడు విడమరిచి చెప్పాడు. వాళ్ల ఊరి పక్క అడవిలో స్కీయింగ్ చేసేవాళ్లకు దారులున్నాయట. మంచు కురిసిన ప్రతిసారీ ఆ దారిని రోలర్‌తో అణచాలి, పైపైన దువ్వాలి, స్కీలు పట్టేటట్టు రెండు గాడులు తీయాలి. సాయంత్రం ఆ పని చేసి వదిలేస్తే రాత్రి చలికి బిగుసుకుని తెల్లారేసరికి గట్టిపడుతుంది. ఆ రోలర్నీ ఆ దువ్వెననూ లాగడానికి ముందు ఒక మంచుబండి ఉండాలి. పనంతా క్లబ్బులోని వాలంటీర్లే చేస్తారు, జీతం భత్యం ఏమీ లేవు. బండి కొనే బాధ్యత వీడి మీద పడింది. క్లబ్బు ఇచ్చింది 2,500 డాలర్లు. మంచు కరిగిపోయాక ఎవరి గ్యారేజీ వాళ్లు ఖాళీ చేసుకుంటారు కాబట్టి ఈ బండ్లు చవగ్గా దొరికేది ఎండాకాలంలోనేనట.

మా అత్తమ్మ పక్కనే కూర్చుని ఆవకాయకు మామిడి ముక్కలు తుడుస్తోంది. అంతా విని, "అంటే గొర్రు తోలుడే గదా" అంది. నల్గొండ వైపు మనిషి. ఆవిడకు ప్రపంచంలో ఉన్నవి రెండే పనులు. ఒకటి సేద్యం, రెండోది సేద్యం కానిది.

బావమరిది మొదట ఒక ఎర్రబండి ఫోటో పంపాడు. 800 సీసీ. ముక్కు కోసుగా, ఆపి ఉన్నా పరుగెత్తుతున్నట్టే ఉంది. నాకు తెగ నచ్చింది. అత్తమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి ఒక్కటే మాట అంది: "లాగేది కావాలె కొడుకా, ఉరికేది గాదు. సోకు జూసి పందెపు కోడెను తెస్తే నాగలి గుంజుతదా?"

పెద్దావిడ ఏదో అందిలే అని నేను ఊరుకున్నాను. మర్నాడు రాంనగర్‌లో మా మెకానిక్ భాయ్ దగ్గరికి వెళ్లి ఆ ఫోటో చూపించాను. ఆయన నా చేతక్‌లు రెండింటికీ అంత్యక్రియలు చేసినవాడు. భాయ్ చేతులు తుడుచుకుని, "సాబ్, ఇంజిన్ చల్లబడేది గాలితోనా నీళ్లతోనా?" అని అడిగాడు. నాకేం తెలుసు? అక్కడినుంచే బావమరిదిని నిద్ర లేపాను.

తెలిసిందేమిటంటే ఆ ఎర్రబండిది నీళ్ల కూలింగ్. కారులోలాగా ముందర రేడియేటర్ ఉండదు. వెనక చక్రాల బదులు తిరిగే రబ్బరు పట్టా ఎగజిమ్మే మంచు వచ్చి బండి అడుగున తగిలితేనే ఆ నీళ్లు చల్లబడతాయి. జోరుగా పోతే బాగానే ఉంటుంది. కానీ గ్రూమింగ్ అంటే గంటకు పది పదిహేను కిలోమీటర్లు, అదీ బరువు లాగుతూ, గట్టి దారి మీద. పైకి మంచు ఎగరదు. చుట్టూ అంత చలి పెట్టుకుని బండి మాత్రం ఎండాకాలం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఇరుక్కున్న అంబాసిడర్‌లా ఉడికిపోతుంది. పైగా వీటికి మన స్కూటీల్లో ఉన్నట్టే బెల్టు. పందెం బండితో నెమ్మదిగా బరువు లాగిస్తే ఆ బెల్టు జారి జారి కాలుతుంది. భాయ్ తల ఊపాడు. "అంటే హాఫ్ క్లచ్ మీద బంజారాహిల్స్ ఎక్కినట్టు."

కాబట్టి కావాల్సింది ఫ్యాన్‌తో చల్లబడే ఇంజిను, లో గేరు, రివర్సు, మామూలు 15 అంగుళాల పట్టా కాకుండా మెత్తటి మంచులో దిగబడని 20 అంగుళాల వెడల్పు పట్టా. అందం అక్కర్లేదు. అత్తమ్మ మామిడి ముక్కలు తుడుస్తూ చెప్పిన మాటే ఇది. మేం ఇద్దరు మగాళ్లం, ఒక అంతర్జాతీయ ఫోన్ కాల్ కలిసి ఒకరోజు ఆలస్యంగా తెలుసుకున్నాం.

ఆ తర్వాత వారం రోజులు ప్రకటనలు చదవడమే పని. వాడుండే మినెసోటా రాష్ట్రం ఈ బండ్లకు పుట్టినిల్లు లాంటిది. అక్కడి రోజో అనే చిన్న ఊళ్లో పొలారిస్ కంపెనీ 1954లో మొదలైంది. థీఫ్ రివర్ ఫాల్స్ అనే ఇంకో ఊళ్లో ఆర్కిటిక్ క్యాట్ పుట్టింది. ఊరిపేరులోనే దొంగ ఉన్న చోట సెకండ్ హ్యాండ్ సరుకు కొనొద్దని మా ఆవిడ గట్టిగా చెప్పింది.

ప్రకటనల భాష మాత్రం ఏ దేశంలోనైనా ఒక్కటే. మన దగ్గర "సింగిల్ ఓనర్, డాక్టరు గారి బండి" అంటారు. అక్కడ "తాతగారు చెరువు మీద చేపల వేటకు మాత్రమే వాడారు" అంటారు. "కార్బొరేటర్ కొద్దిగా శుభ్రం చేయిస్తే చాలు" అని రాశారంటే ఇంజిను విప్పాలి. "ఆపి పెట్టేటప్పుడు బాగానే నడిచింది" అని ఒకాయన రాశాడు. నా రెండో చేతక్ కూడా సరిగ్గా అంతే, ఆపేదాకా బాగానే నడిచింది.

చివరికి ఒకటి కుదిరింది. స్కీ-డూ వాళ్ల స్కాండిక్, 1990ల చివరిది. పసుపు రంగు వెలిసిపోయి పాత ఆటోలా ఉంది. ఫ్యాన్ కూలింగ్, వెడల్పు పట్టా, లో గేరు, వెనక కొక్కెం, అన్నీ ఉన్నాయి. అడిగేది 3,200. క్యూబెక్‌లో బొంబార్డియర్ అనే ఆయన 1959లో ఈ బండ్లు మొదలుపెట్టినప్పుడు, కుక్కలు లాగే బళ్ల బదులు కదా అని స్కీ-డాగ్ అని పేరు పెడదామనుకున్నాడట. అచ్చుతప్పు పడి స్కీ-డూ అయిందని చెబుతారు. బావమరిది ఈ కథ చెబుతుంటే అత్తమ్మకు చివరి ముక్క ఒక్కటే వినబడింది.

"డూ డూ బసవన్ననా? మంచి పేరే."

శనివారం సాయంత్రం ఆరున్నరకు వాడు బండి చూడ్డానికి వెళ్లాడు. మాకది ఆదివారం తెల్లవారుజామున ఐదు. భాయ్ నమాజు ముగించుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. మా ఆవిడ టీ పెట్టింది. బావమరిది ఫోన్‌ని చొక్కా జేబులో కెమెరా బయటికి కనబడేలా పెట్టుకుని, చెవిలో బ్లూటూత్ పెట్టుకున్నాడు. అమ్మేవాడు డెబ్బై దాటిన పెద్దమనిషి, చాలా మర్యాదగా ఉన్నాడు. నేను వాడికి ముందే ధైర్యం చెప్పాను: "ఒరేయ్, మనకు తెలుగుంది. ఆయన ఎదురుగానే ఎంతైనా మాట్లాడుకోవచ్చు. ఆయనకు ముక్క అర్థం కాదు. ఇది బ్రహ్మాస్త్రం."

భాయ్ ఒక్కొక్కటే చెబుతుంటే నేను అందిస్తున్నాను.

"ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టమను సాబ్. వేడుంటే మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టిండన్నట్టు." చల్లగానే ఉంది. నిజాయితీపరుడే.

గాలి పెట్టె మూత తీస్తే లోపల ఎలుక గూడు. ఎండుటాకులు, సీటులోంచి పీకిన స్పాంజి, పొద్దుతిరుగుడు గింజలు. "అమెరికా ఎలుకలు కూడా సీటే తింటయా?" అని భాయ్ ఆశ్చర్యపోయాడు. ఈ ఎలుకల మీద మేం పది నిమిషాలు మాట్లాడుకున్నాం. మా పక్కింటాయన వాకింగ్‌కు పోతూ మధ్యలో ఆగి, తన కారు వైర్లు ఎలా పోయాయో చెప్పడంతో ఇంకో పది నిమిషాలు పట్టింది.

కంప్రెషన్ గేజి పెట్టి చూస్తే రెండు సిలిండర్లూ 120 దాటి, ఇంచుమించు సమానంగా చూపించాయి, అంటే ఇంజిను బాగానే ఉంది. పట్టా మీద రెండు పళ్లు ఊడాయి, అవి పోయినా ఫరవాలేదు. పట్టా లోపల ఒరుసుకునే ప్లాస్టిక్ పట్టీలు అరిగాయి, అవి మార్చుకోవాలి. ఆ పట్టీలకు మంచే నూనె. అది లేని చోట బండి తోలితే కరిగిపోతాయి. అందుకే వెనక భాగం స్టాండు మీదికెత్తి కాసేపు పట్టా తిప్పి చూశారు.

స్టార్టు చేయడానికి తాడు లాగాలి. ఏడుసార్లు లాగాడు. "పాపం, తిన్నాడో లేదో" అంది మా ఆవిడ. నేను ఆగలేక, "ఓసారి పక్కకు వంచి కొట్టరా" అన్నాను. చేతక్ మీద కోట్లమంది ఆడిన చిట్కా. అయితే అది పావు టన్ను బండి. ఎనిమిదోసారికి అందుకుంది. గ్యారేజీ నిండా టూ స్ట్రోక్ నీలం పొగ. వాసన ఫోన్లో రాదు కానీ చూస్తేనే నా కళ్లు చెమర్చాయి.

"కాగితాలు చూడు. చలాన్లేమైనా పెండింగ్ ఉన్నాయేమో అడుగు" అన్నాను. అక్కడ ఈ బండ్ల రిజిస్ట్రేషన్ చూసేది అడవులూ చెరువులూ చూసుకునే సహజ వనరుల శాఖట. వాడు చలాన్ల గురించి అడిగితే పెద్దాయన, ఎవరు వేస్తారు, జింకలా అన్నాడు.

ఇక బేరం. గొంతు సవరించుకుని, టీ గ్లాసు పక్కన పెట్టి, బ్రహ్మాస్త్రం తీశాను.

"జాగ్రత్తగా విను. ఎలుక గూడు, అరిగిన పట్టీలు చూపించి ముందు ఎయిటీన్ హండ్రెడ్ అను. ఆయన మొహం మాడ్చుకుంటాడు, పట్టించుకోకు. కాసేపాగి టూ థౌజండ్ దగ్గర నిలబడు. మరీ మొండికేస్తే లాస్ట్ ట్వంటీ ఫైవ్ హండ్రెడ్. దానికి పైసా ఎక్కువ వద్దు."

అవతల నిశ్శబ్దం. జేబులో కెమెరా కదలకుండా పెద్దాయన మొహం మీదే ఉంది. ఆయన నవ్వాపుకుంటున్నట్టు అనిపించింది. ఎలుకల చర్చ పుణ్యమా అని చెవిలో బ్లూటూత్ ఛార్జింగ్ అయిపోయి, ఫోను దానంతటదే స్పీకర్‌లోకి మారి అప్పటికి ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు. ఆయన వంగి, మా బావమరిది జేబు దగ్గర నోరు పెట్టి, నా యాసలోనే అన్నాడు:

"లాస్ట్ ట్వంటీ ఫైవ్ హండ్రెడ్. ఓకే."

భాయ్ లేచి చెప్పులు వేసుకున్నాడు. మా ఆవిడ టీ గ్లాసులు తీసేసింది. అందరూ ఏదో పని ఉన్నట్టు తలో వైపుకు కదిలారు. నేనొక్కడినే ఫోన్ ముందు మిగిలాను. తెలుగులో అంత రహస్యంగా మాట్లాడిన మనిషిని, ఒక్క అంకె కూడా తెలుగులో చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా కూరగాయల దగ్గర, ఆటో దగ్గర, ఫోన్ నంబర్ దగ్గర ఇంగ్లీషులోనే లెక్కపెడుతున్న నాలుక, అవసరానికి తెలుగు తీస్తుందా?

బండి క్లబ్బు బడ్జెట్‌లోనే వచ్చింది కాబట్టి నేరం మరుగున పడిపోయిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత ట్రైలర్ మీద ఎక్కించుకోవడానికి వెళ్తే, దారులు దువ్వే పనికని ముందే తెలిసుంటే రెండు వేలకే ఇచ్చేవాణ్నని ఆ పెద్దాయన అన్నాడట. మా ఆవిడ వెంటనే 500 డాలర్లను రూపాయల్లోకి మార్చింది. నలభై వేలు దాటింది. ఇప్పటికీ ఇంట్లో నేను ఏది కొనాలన్నా ఆ అంకె ముందొచ్చి కూర్చుంటుంది.

అత్తమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం ఆవకాయ జాడీకి వాసెన గుడ్డ కట్టి వచ్చి, భుజం మీది తువ్వాలు నా ఒళ్లో వేసింది. కింద నా చెయ్యి పట్టుకుని రెండు వేళ్లు గట్టిగా నొక్కింది.

"గిది రెండు వేలు. మా అంగట్ల ఎడ్ల బేరం ఇట్లనే జేస్తరు. తువ్వాల కింద వేళ్లే మాట్లాడుతయి బిడ్డా, నోరు తెరువరు. పక్కన నిలబడ్డోనికి కూడా ఎరుకగాదు."

డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్నే వీడియో కాల్ వచ్చింది. అక్కడ రాత్రి. చీకట్లో చెట్ల మధ్య ఆ పసుపు బండి రోలర్‌ను లాక్కుంటూ మెల్లగా వస్తోంది. వెనక మంచు మీద రెండు గాడులు, కొత్త కాపీ పుస్తకంలో గీతల్లా తిన్నగా ఉన్నాయి. అత్తమ్మ ఫోను దగ్గరికి జరిగి, చెయ్యి ఊపి పిలిచింది.

"డూ డూ బసవన్నా! అమ్మగారికి దండం పెట్టు!"

అదే క్షణంలో బండి ఏదో గతుకు ఎక్కి దిగింది. హెడ్‌లైట్ రెండుసార్లు కిందికీ పైకీ ఊగింది.