లార్డ్ గారికి, రొట్టె తినేవాడి విన్నపం

మహారాజరాజశ్రీ లార్డ్ గారి దివ్యసముఖమునకు,

నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం. తమరూ క్షేమమేనని మొన్న మంగళవారం చెవులారా విన్నాను. మా తాత నోటిమాటగా పంచి పోయిన, మా పెదనాన్న మాత్రం పంచనేలేదంటున్న ఎకరం ఇరవై సెంట్ల దావా ఓ హైకోర్టులో పిలుపుకొచ్చింది. మా వకీలు గారు లేచి "మైలార్డ్" అన్నారు. అవతలి వకీలు ఇంకో నాలుగు అంగుళాలు ఎక్కువ వంగి "మైలార్డ్" అన్నారు. వెనక బెంచీలో కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. తొమ్మిది మైలార్డులు, మూడు యువర్ లార్డ్‌షిప్‌లు, ఒక వాయిదా. మొత్తం నిమిషంన్నర. బయటికొచ్చాక మా వకీలు గారు గౌను మడత పెట్టుకుంటూ "బాగా జరిగింది బాబూ" అన్నారు.

తరవాత క్యాంటీన్లో బ్రెడ్డామ్లెట్ చెప్పాను. ఆ ముక్క నోట్లో పెట్టుకుంటుండగా తమరి అసలు పేరు గుర్తొచ్చి పొలమారింది. అందుకే లార్డ్ అనే మాటైన తమరికే ఈ ఉత్తరం.

వెయ్యేళ్ళ పైచిలుకు కిందట ఇంగ్లండులో మాట్లాడిన పాత ఇంగ్లిషులో హ్లాఫ్ అంటే రొట్టె. ఇప్పటి లోఫ్ అదే. వేర్డ్ అంటే కాపరి. ఇప్పటి వార్డూ వార్డెనూ ఆ వంశమే. రెండూ కలిపితే హ్లాఫ్‌వేర్డ్. మాకు గొర్రెలకాపరి, పశులకాపరి ఉన్నట్టు, తమరు రొట్టెకాపరి. ఇంట్లో కొట్టుగది తాళం మొలకు కట్టుకుని, పొద్దుగూకేవేళ ఎవరికెన్ని ముక్కలో లెక్కచూసి పెట్టే మనిషన్న మాట. ఆ పేరు నలిగి హ్లాఫోర్డ్ అయింది, ఇంకా నలిగి లోవర్డ్ అయింది, చివరికి లార్డ్ అయింది. మొదటి హకారం రాలిపోయింది, నడిమి వకారం జారిపోయింది. ఇప్పుడు తమరి పేరులో వెతికినా రొట్టె దొరకదు, కాపలా దొరకదు. రెంటి మధ్య అతుకు వేసిన చోటు చప్పుడొక్కటే మిగిలింది. గాదె కింద పందికొక్కులు ధాన్యం తినడం చూశాం గానీ, కాపలావాడు తన పేరులోని రొట్టెనే ఒక్కో అక్షరం చొప్పున మింగడం మాత్రం తమరి దగ్గరే చూశాం.

తమరి తమ్ముడొకాయన ఉన్నాడు, గుర్తున్నాడా? స్టివేర్డ్. స్టి అంటే ఇల్లు, హాలు. ఆయన ఇంటికాపరి. ఆ స్టివేర్డే ఇప్పటి స్టీవర్డ్. స్కాట్లండ్‌లో ఆ కొలువు చేసిన వంశం ఆ పేరే పెట్టుకుని స్టూవర్టులై, 1603లో ఇంగ్లండు గద్దె కూడా ఎక్కింది. కానీ ఆ మాట ఉద్యోగం పేరుగానే మిగిలినచోట మాత్రం ఆయన పాపం ఓడల్లోనూ విమానాల్లోనూ బండి తోసుకుంటూ అందరికీ రొట్టెముక్కలు పంచుతున్నాడు. తమరి ఉద్యోగం ఆయన చేస్తున్నాడు, హోదా తమరు పట్టుకుపోయారు. రొట్టె విరిగి నేతిలో పడ్డం అంటే ఇదే.

ఇక అమ్మగారి సంగతి. లేడీ అంటే మొదట హ్లాఫ్‌డీయె, రొట్టెపిండి పిసికే మనిషి. ఆ డీయె, ఇంగ్లిషు డో అన్నది ఒకే పిండి ముద్ద. దూరం వెళితే సంస్కృతంలో పూయడం, మెత్తడం అనే అర్థమున్న దిహ్ ధాతువు కూడా ఆ బంధువర్గమేనట, దేహం అన్న మాట అక్కణ్ణించే. అంటే మీ ఆవిడ చేతికంటిన పిండికీ నా ఒంటికీ చుట్టరికం ఉంది. ఇలాంటివి తెలిసినప్పుడు ఒక పూట అన్నం తిన్నంత తృప్తి నాకు. మా ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు, అది వేరే సంగతి.

ఈ కుటుంబంలో మూడో మనిషి ఉన్నాడు. ఆయన్ని తమరు బొత్తిగా మరిచిపోయారు. హ్లాఫేటా. రొట్టె తినేవాడు. ఇంటి పాలేరు, ఆశ్రితుడు, తమరు పెడితే తినేవాడు. ఏడో శతాబ్దం తొలిరోజుల్లో కెంట్ రాజు ఏథెల్‌బెర్ట్ రాయించిన చట్టాలున్నాయి. ఇంగ్లిషులో రాసిన చట్టాల్లో మనకు దొరికిన వాటిల్లో అవే మొదటివి. అందులో ఒక వాక్యం: ఒక రైతుకు చెందిన రొట్టె తినేవాణ్ణి ఎవరైనా చంపితే 6 షిల్లింగులు కట్టుకోవాలి. చచ్చినవాడి పెళ్ళాం పిల్లలకు కాదు, ఆ రైతుకు. అదే చట్టంలో పళ్ళకూ వేళ్ళకూ కూడా ధరల పట్టీ ఉంది. ముందువరస నాలుగు పళ్ళలో ఒక్కొక్కటి ఊడగొడితే 6 షిల్లింగులు. చేతి బొటనవేలు తెగ్గొడితే 20.

మరోసారి చదువుకోండి లార్డ్ గారూ. రొట్టె తినే మనిషి మొత్తం ఖరీదు, రొట్టె కొరికే ఒక్క పన్ను ఖరీదు, సరిసమానం. బొటనవేలైతే మనుషులు ముగ్గురి కంటే ఎక్కువ. మూడొందల ఏళ్ళు తిరక్కుండానే, తొమ్మిదో శతాబ్దం చివర ఆల్‌ఫ్రెడ్ రాజు చట్టాలొచ్చాయి. మిగతా తప్పులు చాలావాటికి డబ్బు కట్టి బయటపడొచ్చుగానీ, తన లార్డ్ మీద కుట్రచేసినవాడికి మాత్రం దయలేదు, ప్రాణమూ ఆస్తీ రెండూ పోతాయి అన్నారందులో. తినేవాడి ధర పన్ను దగ్గరే ఆగింది. పెట్టేవాడిది అసలు లెక్కకే అందకుండా పోయింది.

అయినా ఏథెల్‌బెర్ట్ నాటికి తమరు ఇంకా మనిషిలాగే ఉన్నారు. మామూలు రైతు కూడా తన ఇంట్లో రొట్టెకాపరే. పెళ్ళాం మొగుణ్ణి హ్లాఫోర్డ్ అనేది. మా నాయనమ్మ మా తాతను "ఇంటాయన" అన్నట్టే. ఆ తరవాత మతగురువులు బైబిలు అనువాదానికి కూర్చున్నారు. లాటిన్ డోమినుస్ దగ్గర ఆగారు. అది కూడా ఇల్లు అనే మాటలోంచి పుట్టిన ఇంటాయనే. సరిపోయిందని తమరిని అక్కడ కూర్చోబెట్టారు. ఒక్క గెంతులో వంటింటి గడప నుంచి పరలోకానికి. పాత ఇంగ్లిషు ప్రార్థనలో రోజువారీ రొట్టె ఇమ్మని అడిగే చోట ఉన్నమాట కూడా హ్లాఫే. తెలుగులో మేం "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అంటాం. రొట్టెకాపరిని రొట్టె అడగడం, ఎంత చక్కగా అమరింది. ఇంకోచోట మా వాళ్ళు "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అన్నారు. ఇంగ్లిషులో ఆ వాక్యం మొదట్లో ఉన్నది తమరు. అంటే రొట్టెకాపరే గొర్రెలకాపరి అన్నమాట. తమరి పాత ఉద్యోగం దొడ్డిదారిన మళ్ళీ దొరికింది, తమరు గమనించినట్టు లేదు.

అక్కణ్ణించి దిగిరావడం కుదరలేదు. బ్రిటన్ పార్లమెంటులో తమరి పేరు మీద ఏకంగా ఒక సభ, హౌస్ ఆఫ్ లార్డ్స్. తండ్రి పేరు చెప్పుకుని కొడుకు, కొడుకు పేరు చెప్పుకుని మనవడు వందల ఏళ్ళు అందులో కూర్చున్నారు. 1999లో చట్టం చేసి వంశపారంపర్యం వాళ్ళను పంపిస్తే, అప్పటికి 92 మందిని మాత్రం ఉంచుకున్నారు. పిండి పులియడానికి పాతపిండి కాస్త ఉంచుతాం చూడండి, అలా. స్కాట్లండ్‌లో ఇప్పుడు చదరపు అడుగు నేల కొనుక్కుంటే ఇవాళ్టినుంచి మీరే లార్డ్ అని కాగితం పంపించే వ్యాపారాలున్నాయి. చదరపు అడుగులో రొట్టె పెట్టుకోవచ్చు, కాపలావాడు నిలబడ్డానికి మాత్రం ఒంటికాలే గతి.

మా దేశానికి వచ్చాక తమరి పేరుకు నోరు తిరక్క మావాళ్ళు లాట్ అన్నారు. ఇండియాలో తెల్లవాళ్ళ వాడుకలోకొచ్చిన మాటలకు 1886లో వేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో తమరి సంసారం మొత్తం ఉంది: గవర్నర్ జనరల్ బడా లాట్, సేనాధిపతి జంగీ లాట్, బిషప్పు లాట్ పాద్రీ. మా ఊళ్ళో ఇప్పటికీ పని చెప్పగానే కదలనివాణ్ణి "పెద్ద లాటుసాయెబు దిగాడు" అంటారు. పైసా లేకుండా డాబు కొట్టేవాణ్ణి "లార్డ్ లబక్‌దాస్" అంటారు. తమరి గురించి మా భాష ఇచ్చిన తీర్పు ఈ రెండు మాటల్లో ఉంది, అప్పీలు లేదు.

తమరిని అడక్కపోయినా తగిలించే జబ్బు కూడా మాకుంది. 1835 అనగానే లార్డ్ మెకాలే అంటాం. మన చదువులు ఇంగ్లిషులో సాగాలన్న ఆ మినిట్ (అభిప్రాయపత్రం) రాసేనాటికి ఆయన ఉత్త మెకాలేనే. తమరు ఆయన పేరుకు తగులుకున్నది 1857లో. ఇరవై రెండేళ్ళ ముందే అడ్వాన్సుగా ఇచ్చేశాం. 1919లో సత్యేంద్ర ప్రసన్న సిన్హాకు తమరు నిజంగానే దక్కారు, ఆ లార్డుల సభలో కూర్చున్న తొలి భారతీయుడు ఆయన.

2006లో మా బార్ కౌన్సిల్ తమరు వలసకాలపు అవశేషమని తేల్చి, హైకోర్టుల్లో యువర్ ఆనర్ చాలు, కింది కోర్టుల్లో సర్ చాలు అని నియమం పెట్టింది. 2014లో సుప్రీంకోర్టు కూడా, మమ్మల్ని మైలార్డ్ అనమని మేం ఎవర్నీ బలవంతపెట్టలేదు, గౌరవంగా ఎలా పిలిచినా సరే అంది. 2019లో రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తులందరూ కలిసి ఆ పిలుపు మానండని తీర్మానమే చేశారు. వద్దని పిలిపించుకునేవాళ్ళే అంటున్నారు, మానమని పిలిచేవాళ్ళు అంటున్నారు. ఇదేమిటండీ అని మా వకీలు గారినడిగితే "నోటికి అలవాటు బాబూ, మానేస్తే వాయిదా కూడా దొరకదేమోనని భయం" అన్నారు. రొట్టె సంగతి చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "అయితే నేను రోజూ నూరుసార్లు రొట్టెకాపరీ రొట్టెకాపరీ అని అరుస్తున్నానా" అన్నారు. ఆ సాయంత్రం ఫీజు గురించి మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే తమరి పాత ఉద్యోగానికి మావైపు సరైన మనిషి మా పెదనాన్నే. వరి ఆయనే పండిస్తాడు, గాదె తాళం ఆయన మొలకే ఉంటుంది, ఒక్క బస్తా బయటికి రాకుండా కాస్తాడు. హ్లాఫ్‌వేర్డ్ అంటే అదే కదా. ఎటొచ్చీ నాకు పెట్టడు. ఆ రెండో సగం తమరికీ ఎప్పుడో మరుపుకొచ్చింది కాబట్టి తప్పుపట్టలేను. మేం రైతును అన్నదాత అంటాం. ఆ అన్నదాతే కోర్టు వరండాలో చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, ఎవర్నో రొట్టెకాపరీ అని పిలిచే గదిలోకి తొంగి చూస్తూ నిలబడతాడు. మొన్న మా పెదనాన్న నిలబడ్డట్టు.

రాత్రికి పట్నంలో నేను అద్దెకుండే పోర్షన్‌కి చేరేసరికి ఎనిమిదయింది. అద్దె కాగితంలో ల్యాండ్‌లార్డ్ అని ఉంటుంది గానీ అందరం ఓనరు అంటాం. ఆయన టీవీ ముందు ఉన్నారు, తిరిగి చూడలేదు. ఓనరమ్మ గారు మోచేత్తో తలుపు తోసుకుని వచ్చారు, రెండు చేతులకూ మణికట్టు దాకా గోధుమపిండి.

"ఏమయింది బాబూ కేసు?"

"వాయిదా పడిందండీ."

"పడకేం చేస్తుంది. రెండు చపాతీలు పంపిస్తా తిను. గిన్నె మాత్రం రేప్పొద్దున్నే తెచ్చివ్వాలి, పోయినసారిది ఇంకా రాలేదు."

ఇట్లు,
తమరి హ్లాఫేటా
(వెల: 6 షిల్లింగులు, లేదా ముందుపన్ను ఒకటి)

తా.క.: గిన్నె దొరికింది, మంచం కింద ఉంది. మూతే కనబడట్లేదు.