ఎమ్మెల్యేని మురుక్కాలవ గురించే అడుగుదామా?

పోయిన ఆదివారం బెంగళూరులో మా అపార్ట్‌మెంటుకి ఎమ్మెల్యే వచ్చారు. కావేరి నీళ్లు, మురుక్కాలవ, వీధి దీపాలు... గంటన్నర అదే గోల. ఆఖర్న నేను లేచి, "సార్, పోయిన సమావేశాల్లో మీరు సభలో ఏం ప్రశ్నలు వేశారు?" అన్నాను. పక్కనున్న నెల్లూరు పెద్దాయన చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. "అవన్నీ మనకెందుకు బాబూ, ముందు రోడ్డు పడనీ."

ఆయన్ని తప్పుపట్టను. 2020 సెప్టెంబర్‌లో కార్పొరేటర్ల గడువు ముగిశాక ఈ ఊళ్లో ఏళ్ల తరబడి ఎన్నికల్లేవు. కాలవ పూడినా ఎమ్మెల్యే గుమ్మమే దిక్కు. అయినా ఆ "మనకెందుకు" అన్న మాట నన్ను వదల్లేదు.

అంబేద్కర్ వీధిలో నిలబడి చూడండి. ఒక పక్క ఎర్రటి హైకోర్టు, ఎదురుగా విధానసౌధ. కోర్టుకి సొంత ఇల్లుంది. శాసనసభ, ముఖ్యమంత్రి ఆఫీసు మాత్రం విధానసౌధలో ఒకే కప్పు కింద. మన పద్ధతిలో మంత్రులు చట్టసభల్లోంచే రావాలి, అందులో తప్పు లేదు. కానీ 224 మంది ఉన్న సభకి మంత్రులు 34కి మించకూడదు. 2003 రాజ్యాంగ సవరణ పెట్టిన 15 శాతం హద్దు అది. అంటే కనీసం 190 మంది ప్రభుత్వం కాదు! అధికార పార్టీ గుర్తు మీద గెలిచినా సరే, ప్రభుత్వాన్ని లెక్క అడగాల్సినవాళ్లే.

అడగనిచ్చేదెవరు? ఫిరాయింపులు ఆపాలని 1985లో రాజ్యాంగంలోకి పదో షెడ్యూలు తెచ్చారు. ప్రభుత్వం నిలిచేదా పడేదా అన్న ఓటుకి విప్, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం, ఉందంటే ఒప్పుకుంటాను. మామూలు బిల్లుకి కూడా విప్‌ని కాదంటే సభ్యత్వానికే ముప్పు అయితే, ఇక ఆ బిల్లు చదవడం దేనికి? మూజువాణి ఓటుకి గొంతు కలిపితే చాలుగా.

అసలు సభ కూడితే కదా. ఏడాదికి కనీసం 60 రోజులు కూడాలని 2005లో కర్ణాటకే చట్టం చేసుకుంది. 2018-23 సభ ఆ అంకె దరిదాపులకి కూడా పోలేదు. తాను చేసిన చట్టాన్ని తానే పాటించని సభ మంత్రుల్ని ఏ మొహంతో నిలదీస్తుంది?

నాకు బాధ ఎక్కడంటే, ఇదే విధానసౌధ కోసం కోర్టు గట్టిగా నిలబడింది. 1989లో ఇక్కడి ముఖ్యమంత్రి బొమ్మై ప్రభుత్వాన్ని సభలో బలం చూపించుకోనివ్వకుండానే బర్తరఫ్ చేశారు. 1994లో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీల ధర్మాసనం, బలం తేలాల్సింది సభలోనే అని చెప్పింది. ఆ మాట సభకి దక్కిన గౌరవం.

వచ్చే సమావేశాల్లో అడగమని రెండు ప్రశ్నలు రాసి, మన ఎమ్మెల్యేకి పంపుదామని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. పొద్దున్నే నెల్లూరు పెద్దాయన ఫోన్ చేశారు. "మన రోడ్డుకి మంజూరైన డబ్బెంత, ఖర్చయిందెంత, అదీ రాయి బాబూ. నేను సంతకం పెడతా."