మడి కట్టుకున్న సాక్సోఫోన్

తిరుపతికి ఐఐటీ వచ్చింది, ఐసర్ వచ్చింది, ఊరి మీదుగా ఫ్లైఓవర్ కూడా వచ్చింది. రానిదల్లా ఒక్కటే. జాజ్ సంగీతాన్ని కంప్యూటర్ గాలి సోకకుండా, అంటే అనలాగ్‌గా, వినైల్ రికార్డు మీదికి ఎక్కించే ఒక చిన్న కంపెనీ. ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ఈ ఊసు లేకపోవడం రాయలసీమకు జరిగిన అన్యాయాల చిట్టాలో చేరాల్సిన సంగతి. నీళ్లు, నిధుల తర్వాత మూడో వరసలో రాసినా నాకు అభ్యంతరం లేదు.

ఇలాంటి కంపెనీలు అమెరికాలో, ఇంగ్లండులో, జపాన్‌లో ఉన్నాయి. కంపెనీ అనగానే అద్దాల బిల్డింగు, లిఫ్టు ఊహించుకోకండి. ఇద్దరో ముగ్గురో మనుషులు, అట్టపెట్టెలతో నిండిన ఒక గది, అంతే. అందులో ఒకరికి పగలు వేరే ఉద్యోగం ఉంటుంది, ఇంటి అద్దె దానిమీదే నడుస్తుంది. పార్సిళ్లు వాళ్లే కడతారు. కవరు మూల నలిగిందని కొన్నాయన అలిగితే అర్ధరాత్రి లేచి క్షమాపణలు వాళ్లే రాస్తారు. లాభమెంతని అడిగితే సంగీతం గురించి చెప్తారు. సంగీతం గురించి అడిగితే టేపు రికార్డరు గురించి చెప్తారు. టేపు రికార్డరు గురించి మాత్రం పొరపాటున కూడా అడక్కండి, రాత్రి భోజనం ఆలస్యమవుతుంది.

వీళ్ల సిద్ధాంతం మనకు కొత్తేమీ కాదు. మన మామ్మలు పాటించిన మడే. తడిబట్ట ఆరేసుకుని, ఎవరికీ తగలకుండా నడిచి, బావి నీళ్లు తామే తోడుకుని వంట చేసినట్టు, వీళ్లు శబ్దాన్ని వండుతారు. వాయించేవాళ్లందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించాలి. ఆ శబ్దం మైకులోంచి తిన్నగా టేపు మీదికి పోవాలి. టేపు సెకనుకు 15 అంగుళాలో, మరీ నిష్ఠాపరులైతే 30 అంగుళాలో పరిగెత్తాలి. 30 అంగుళాల లెక్కన మామూలు రీలు పావుగంటకు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. డ్రమ్ములాయన ఆవేశపడి తని ఆవర్తనం పొడిగించాడా, కంపెనీ యజమానికి గుండెదడ మొదలవుతుంది, ఎందుకంటే కొత్త టేపు చాలా ఖరీదు. ఆ తర్వాత టేపు నుంచి నేరుగా, రికార్డులో సూది నడిచే గాడి చెక్కాలి. గాడికీ గాడికీ మధ్య ఎంత ఎడం వదలాలో మిషన్‌కు కాస్త ముందుగా తెలియాలి కాబట్టి, రాబోయే శబ్దాన్ని ముందే వినడానికి టేపు మిషన్‌కు అదనంగా, టేపును చదివే ఇంకో హెడ్డు బిగిస్తారు. ఈ బాధ పడలేక ఒకప్పుడు చాలామంది ఇక్కడే ఒక డిజిటల్ పెట్టె తగిలించుకున్నారు. శబ్దం ఆ పెట్టెలో క్షణకాలం ఒకట్లు, సున్నాలుగా మారి మళ్లీ బయటికి వచ్చేది. క్షణమే కావచ్చు. మైలకు క్షణమైతేనేం, సంవత్సరమైతేనేం?

అందుకే ఈ రికార్డుల అట్ట మీద గోత్రనామాలన్నీ ఉంటాయి. ఏ టేపు, ఏ మైకు, ఏ మిషన్, గాడి చెక్కిందెవరు, ప్లాస్టిక్ బరువు ఎన్ని గ్రాములు. గాడి చెక్కినాయన పేరు పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. సాక్సోఫోన్ ఊదిన పిల్లవాడి పేరు కూడా ఉంటుంది, భూతద్దం దగ్గర ఉంటే చదవొచ్చు.

ఈ మడికి 2022లో పెద్ద దెబ్బ తగిలింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ రికార్డులంటే జనానికి గురి. అసలు టేపు నుంచే చెక్కుతున్నారని నమ్మి కొనేవాళ్లు. వాటిలో చాలావాటికి మధ్యలో డిజిటల్ కాపీ వాడుతున్నారని ఫీనిక్స్‌లో రికార్డుల కొట్టు నడిపే ఒకాయన బయటపెట్టాడు. కంపెనీ ఒప్పుకుంది. వ్యవహారం కోర్టుకెక్కి దాదాపు 2.5 కోట్ల డాలర్ల రాజీతో తేలింది. అప్పటిదాకా అవే రికార్డులు విని, 'టేపు మాధుర్యమంటే ఇదీ' అంటూ సమీక్షలు రాసిన మహామహా చెవులకు మాత్రం ఏ మైలా తగల్లేదు.

దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. వాళ్లకు మడి గురించి తెలియదు. మామ్మ మడిలో ఏనాడూ రుచి సమస్య కాదు. పప్పు ఎవరు వండారన్నదే సమస్య. కోడలు చేసిన పప్పు ఎంత బాగున్నా, చెప్పకుండా పెట్టిందని తెలిసిన మర్నాడు మామ్మ ఉపవాసమే. వేలు పోసి కొన్నవాడికి ఆ మాత్రం అలిగే హక్కు లేదంటే ఎట్లా?

ఇంతకన్నా ఇబ్బందికరమైన సంగతి ఒకటుంది, శిష్యులు దాన్ని తలుచుకోరు. ఈ సంప్రదాయానికి మూలపురుషుడు రూడీ వాన్ గెల్డర్. న్యూజెర్సీలో పగలంతా జనానికి కంటి పరీక్షలు చేసి, మిగిలిన వేళల్లో హాకెన్‌సాక్‌లోని అమ్మానాన్నల ఇంటి హాల్లో జాజ్ మహానుభావులను కూర్చోబెట్టి రికార్డు చేసేవాడు. వాళ్లమ్మ కాఫీలు ఎన్ని కలిపిందో చరిత్రకెక్కలేదు కానీ, బ్లూనోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ పేరు నేటికీ మోగుతోందంటే సగం పుణ్యం ఆయన చెవిదే. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. ఇవాళ ఆయన టేపులను మళ్లీ మడిగా రికార్డులెక్కిస్తే జనం కళ్లకద్దుకుని కొంటున్నారు. అంతటి మనిషి 1995లో ఒక పత్రికతో ఏమన్నాడంటే, శబ్దాన్ని అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది ఎల్పీ అనే ఈ వినైల్ రికార్డేననీ, అది పోతున్నందుకు తనకు సంతోషమేననీ. ఆ తర్వాత తన పాత టేపులను తానే డిజిటల్‌లోకి మార్చి సీడీలు తెచ్చాడు. పీఠాధిపతి మడి విప్పేసి బస్టాండు హోటల్లో ఇడ్లీ తినేశాడన్నమాట. శిష్యులు ఇంకా తడిబట్టలతో వణుకుతున్నారు.

ఇక తిరుపతికే ఈ కంపెనీ ఎందుకు రావాలో చెప్తాను. లోహం మీద పాట చెక్కించిన అనుభవం మనకున్నంతగా ఇంకెవరికుంది? అన్నమయ్య కీర్తనలను ఆయన వారసులు రాగిరేకుల మీద చెక్కించి కొండమీద అరలో దాచారు. 1922 ప్రాంతంలో అవి బయటపడేదాకా వందల ఏళ్లు ఎవరికీ పట్టలేదు. లిమిటెడ్ ఎడిషన్ అంటే అదీ. జర్మనీ వాళ్లు 1980లలో ల్యాకర్ పూత పూసిన పళ్లెం మానేసి నేరుగా రాగి మీద గాడి చెక్కే పద్ధతి కనిపెట్టి అదో పెద్ద కొత్తదనం అనుకున్నారు. రాగి మంచిదా, ల్యాకర్ మంచిదా అని వినేవాళ్లు ఇప్పటికీ రెండు తెగలుగా చీలి కొట్టుకుంటున్నారు. వైష్ణవుల వడగలై, తెంగలై వాదాలు చూసిన ఊరికి ఇలాంటి పంచాయితీ తీర్చడం ఒక లెక్కా?

ఒక్క తేడా ఉంది. మన రేకుల మీద రాగం పేరుంది, సాహిత్యముంది, బాణీ లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. మన రాగిలో మాట మిగిలి బాణీ పోయింది. వీళ్ల రాగిలో బాణీ మిగులుతుంది, మాటంటారా, ఆ జాజ్‌లో చాలాసార్లు మొదట్నుంచే ఉండదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే పూర్తి పాట వస్తుందేమో పరిశోధించడానికి ఐఐటీ ఉండనే ఉంది.

అమ్మకాల సంగతికొస్తే, ఈ కంపెనీలు నంబర్లు వేసి కొన్ని వందల కాపీలే కొడతాయి. ఫలానా రోజు, ఫలానా టైముకు ఆన్‌లైన్‌లో వదిలితే నిమిషాల్లో అయిపోతాయి. మూడొందల రూపాయల దర్శనం టికెట్ల కోటా కోసం ఇంటిల్లిపాదీ నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చునే జిల్లాకు ఎవరూ శిక్షణ ఇవ్వనక్కర్లేదు.

కొనేవాళ్లు కూడా ఉన్నారు. మా బైరాగిపట్టెడలో ఒక రిటైర్డు బ్యాంకు ఆఫీసరు ఉన్నారు. మే నెలలో ఆయన ఇంట్లో మనుషులకు ఫ్యాను, రికార్డులకు ఏసీ. ఎండకు ప్లాస్టిక్ వంకరపోతుందని భయం. మనుషులు వంకరపోరు కదా. "దేవుడి గదికి కూడా ఇన్ని ఆంక్షల్లేవు సామీ," అన్నారు వాళ్లావిడ నాకు మజ్జిగ అందిస్తూ. "దుమ్ము దులపాలన్నా ఆయన్ని అడగాల. దులిపినాక ఆయన మళ్లీ దులుపుతారు." ఆయన వినిపించుకోలేదు. కరెంటు పోయి, పళ్లెం తిరుగుతూ తిరుగుతూ సాక్సోఫోన్ గొంతు బొంగురుపోతుంటే, అది కూడా నిఖార్సైన అనలాగ్ శబ్దమేనని నాకు వివరిస్తున్నారు.

మిగిలింది ఫ్యాక్టరీ. రికార్డు నొక్కాలంటే ప్లాస్టిక్ ముద్దను ఆవిరితో వేడెక్కించిన అచ్చుల మధ్య పెట్టి దాదాపు వంద టన్నుల బరువుతో అదమాలి, వెంటనే నీళ్లతో చల్లార్చాలి. అంటే బాయిలరు కావాలి, నీళ్లు కావాలి. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో బాయిలర్లున్నాయి. తోతాపురి సీజన్ దాటితే వాటిలో చాలావాటికి పెద్ద పనుండదు. ఆ ఖాళీ నెలల్లో జాజ్ నొక్కుకోవచ్చు. రికార్డుకు మామిడి వాసన అంటుకుంటుందేమోనని మడివాళ్లు శంకించవచ్చు కానీ, మామిడి వాసన నూటికి నూరు శాతం అనలాగ్ కాబట్టి శాస్త్రం ఒప్పుతుంది.

ఒప్పందంలో ఒక్క షరతు మాత్రం పెద్దక్షరాల్లో రాసుకోవాలి. జూన్ వచ్చి, గేటు ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరి, టన్నుకు రేటెంతని రైతులు నిలదీసే రోజుకు, రికార్డు సగంలో ఉన్నా సరే, కంపెనీ వాళ్లు తమ అచ్చులు ఊడదీసుకుని పక్కకు తప్పుకోవాలి. బీ సైడు దసరాకు చూసుకుందాం.