ఓ పనికిమాలిన సంఖ్య గురించి నాలుగు ముక్కలు

2147483647 అనే సంఖ్యకు జరిగిన అన్యాయాన్ని పాఠక మహాశయుల దృష్టికి తేవడం నా బాధ్యత అనుకుంటున్నాను. అక్షరాలా 214 కోట్ల పైచిలుకు. అంత ఆస్తి ఉండి ఎవరికీ సమానంగా పంచిపెట్టదు. ప్రధాన సంఖ్య మరి! 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగదు.

నమ్మకం కుదరక మొన్న కాలిక్యులేటర్ తీశాను. 3తో భాగిస్తే 1 మిగిలింది. 7తో భాగిస్తే 1. 11తోనూ 1, 31తోనూ 1! ఎవరు పంపకానికొచ్చినా ఒకటి దాచుకునే రకమని సిద్ధాంతం చేసి, తెలిసినవాళ్లందరికీ చెప్పేశాను కూడా. 5నీ 13నీ వదిలేశానని తర్వాత గుర్తొచ్చింది. 5తో 2, 13తో ఏకంగా 10 మిగిలాయి. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇదే పని 1772 నాటికే ఆయిలర్ అనే స్విస్ గణితజ్ఞుడు ముగించాడు, అదీ చూపు దాదాపు పోయాక. నాలాగా కనపడినదానితో భాగించుకుంటూ పోలేదు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య వేరే ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలని ముందే తేల్చుకున్నాడు. అలాంటివాటిని దీని వర్గమూలం దాకా, అంటే 46,340 దాకా చూస్తే చాలు. ఒక్కటీ దొరకలేదు.

వంశం కూడా గొప్పదే. 31 రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే ఇది. ఆ 31 కూడా ఐదు రెళ్ల గుణకారంలోంచి ఒకటి తీస్తే పుట్టిందే. కంప్యూటర్ లిపిలో రాస్తే వరసగా 31 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా లేదు.

అన్యాయం జరిగింది 1811లో. ఈ సంఖ్యలోంచి 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. దాని భాజకాలను, దాన్ని మినహాయించి, కూడితే మళ్లీ అదే. దీన్ని చూసి పీటర్ బార్లో అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు తీర్పు చెప్పాడు: ఇంతకంటే పెద్దది బహుశా ఎవరూ కనిపెట్టరు, ఇవి వింతే తప్ప పనికొచ్చేవి కావు కాబట్టి ఎవరూ ప్రయత్నించరు అని. పనికిరాని పనంటే మనుషులకు ఎంత ఇష్టమో పాపం ఆయనకు తెలియదు. 1876లో లూకాస్ అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఇదే వంశంలో 39 అంకెల ప్రధాన సంఖ్యను పట్టుకొచ్చాడు.

ఇక పనికిరాకపోవడం సంగతి. 32 బిట్లలో, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే 32 గడుల్లో, రుణ సంఖ్యలకూ చోటిచ్చే కంప్యూటర్ లెక్క సరిగ్గా ఇక్కడే ఆగుతుంది. ఇంకొకటి కలిపితే చాలు, చాలాచోట్ల 214 కోట్ల ఆసామి కాస్తా అంతకు అంత అప్పులో తేలతాడు. 2014లో ఓ కొరియన్ పాట వ్యూస్ దీన్ని దాటబోతుంటే, యూట్యూబ్ తన లెక్కను 64 బిట్లకు మార్చుకుంది.

1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత కంప్యూటర్లకు 2038 జనవరి 19న, గ్రీనిచ్ సమయం తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లకు ఈ సంఖ్య వస్తుంది. మరుసటి సెకనుకు వాటిలో చాలావాటి క్యాలెండర్ 1901 డిసెంబర్ 13కు వెళ్లిపోతుంది. పోనీ, అక్కడ బార్లోను పట్టుకుని నిలదీద్దామా అంటే, ఆయన 1862లోనే పోయాడు.