మందుల కవరు ఇచ్చే అమ్మాయికి ఒక కుర్చీ

మొన్న డిసెంబరు సేవా కార్యక్రమాల్లో అమెరికాలోని మన సంఘం విశాఖ మధురవాడలో పెట్టిన మధుమేహ శిబిరం ఫొటోలు మీరంతా చూసే ఉంటారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, బ్యానరు నిండా దాతల పేర్లు. ఆ ఫొటోల్లో లేని ఒకమ్మాయి ఉంది. ఆరేళ్లు ఫార్మ్-డి (ఫార్మసీలో డాక్టరేటు) చదివిన ఆమెకు మనం అప్పగించిన పని, మాత్రలు కవర్లలో వేసివ్వడం. ఒక పెద్దాయన తెచ్చిన రెండు చీటీలు చూసి, "తాతగారూ, ఇవి రెండూ ఒకే మందు, పేర్లే వేరు" అని ఆమె చెప్పబోతుంటే, "వరుస ఆగిపోతోందమ్మా, త్వరగా!" అని మైకులో అరిచింది నేనే.

అంతకు ముందు కార్తిక సోమవారం నాడు ఎంవీపీ కాలనీలో మా అమ్మ దీపం పెడుతూ చెమటలు పట్టి కూలబడింది. పక్కింటి పిన్నిగారు పంచదార నీళ్లు తాగించి కాపాడారు. డాక్టరుగారు ఉపవాసం వద్దన్నారు, ఇన్సులిన్ తగ్గించారు. నేను ఫోనులో ఆవిడ భక్తినంతా దులిపేశాను.

శిబిరం ముగిశాక, ఏ మొహంతోనో మరి, అమ్మ మందుల సంచి తీసుకెళ్లి ఆ అమ్మాయి ముందే పెట్టాను. సీసా చూసింది, ఎర్ర మూత సిరంజి చూసింది. సీసా అమెరికాది. అక్కడ మా దగ్గరున్నప్పుడు వాడగా మిగిలినదాన్ని, అంత డబ్బు పోసి కొన్నది పారేస్తామా అని అమ్మ వెంట తెచ్చుకుంది. అందులో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. సిరంజి మన దేశంలోని, మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాలకు చేసింది. అమ్మ ఎప్పటిలాగే పది గీతల వరకు లాగితే ఒంట్లోకి వెళ్లింది 25 యూనిట్లు! ఉపవాసానికీ ఇందులో పాలు లేకపోలేదు కానీ, నేను తిట్టింది మాత్రం దాన్నొక్కదాన్నే.

డాక్టర్లను తప్పు పట్టను. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ రద్దీ ఎరిగినవాళ్లెవరూ పట్టరు. ఫార్మసిస్టు రోగ నిర్ధారణ చేయరు, మోతాదు సొంతంగా మార్చరు. సంచి కుమ్మరించి చూస్తారు, సూది ఎక్కడ గుచ్చుకుంటున్నారో అడుగుతారు, అనుమానముంటే డాక్టరుకు రాసి పంపుతారు. మన దేశంలో ఈ ఫార్మ్-డి చదువు 2008 నుంచి ఉంది. మన శిబిరాల్లోకే ఇంకా రాలేదు.

కార్యవర్గానికి నా మనవి: ఈసారి గ్లూకోమీటర్లు నాలుగు తగ్గినా ఫరవాలేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించండి, మనిషికి పది నిమిషాలివ్వండి, ఆ అమ్మాయికి గౌరవ వేతనం ఇవ్వండి. నా శాలువా ఖర్చు అందులో కలపండి. బల్ల దగ్గర మైకు మాత్రం పెట్టకండి.