వయసు రాశారు సరే, లోపలి దుకాణం సంగతేంటి?

బలాట్రో అని పేకముక్కల వీడియో గేమ్ ఒకటి 2024లో వచ్చింది. ఒకసారి డబ్బిచ్చి కొనుక్కుంటే అంతే, లోపల ఇంకో పైసా ఖర్చు పెట్టే చోటే లేదు. పందెం లేదు, ఎదుటి మనిషీ లేడు. పోకర్ లెక్కల మీద నడిచే ఒంటరి ఆట. యూరప్ రేటింగ్ సంస్థ పెగి దానికి 18 ముద్ర కొట్టింది, అంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకేనని, జూదం ఎలా ఆడాలో నేర్పుతోందని. అదే సంస్థ ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ గేమ్‌కి ఇచ్చింది 3, అంటే మూడేళ్ల పిల్లలూ ఆడొచ్చని. అందులో నిజం డబ్బు పోసి ఆటగాళ్ల ప్యాక్‌లు కొనొచ్చు. ఏ ఆటగాడు వస్తాడో విప్పితేగానీ తెలియదు. మెస్సీ వస్తాడని విప్పుతారు, ఎవడో బెంచీ మీద కూర్చునేవాడు వస్తాడు, మళ్లీ కొంటారు. బలాట్రో పబ్లిషర్ అప్పీలు చేస్తే 2025 ఫిబ్రవరిలో 18ని 12కి దించారు. ఫుట్‌బాల్ గేమ్ 3 మాత్రం అప్పుడు కదల్లేదు.

గేమ్‌ల రేటింగులు ఇంకా వివరంగా ఉండాలా వద్దా అనే చర్చలో నాకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఉండాలి. అయితే వయసుల్ని ఇంకా సన్నగా తరగడం వివరం కాదు. 12కీ 16కీ మధ్య 14 అని ఇంకో గడి పెడితే ఒరిగేదేమీ లేదు. ఇప్పుడున్న అంకె తెరమీద ఏం కనిపిస్తుందో కొలుస్తోంది. ఆడే పిల్లాడిని ఆ గేమ్ ఏం చేస్తుందో కొలవడం లేదు.

దీనికి కారణం పుట్టుకలోనే ఉంది. 1993లో మోర్టల్ కోంబాట్ నెత్తురు చూసి అమెరికా సెనేట్ గగ్గోలు పెట్టింది. ప్రభుత్వం చెయ్యి పెట్టేలోపు పరిశ్రమే 1994లో ఈఎస్‌ఆర్‌బీ అనే రేటింగ్ బోర్డు పెట్టుకుంది. అప్పటి గేమ్ అంటే ఒక క్యాసెట్. కొన్న రోజు ఏముందో పదేళ్ల తర్వాతా అదే. కాబట్టి నెత్తురెంత, బూతులెన్ని అని సినిమాకి చూసినట్టు చూశారు. ఇప్పటి గేమ్ నెలనెలా మారుతుంది, కొత్త సీజన్ వస్తుంది, కొత్త ఆఫర్ వస్తుంది, ముక్కూమొహం తెలియనివాళ్లతో వాయిస్ చాట్ నడుస్తుంది. రోబ్లాక్స్‌లో అయితే ఆడేవాళ్లే లక్షల కొద్దీ ఆటలు తయారు చేసి పెడతారు. వాటన్నిటికీ కలిపి యాప్ మీద ఒకటే అంకె.

మన ఇళ్లలో ఆడే తుపాకుల గేమ్ బీజీఎంఐనే చూడండి, పాత పబ్‌జీయే అది. ఎమ్416 తుపాకీ మ్యాచ్‌లో నేలమీద ఊరికే దొరుకుతుంది. కానీ దానికి మంచు కప్పినట్టుండే గ్లేషియర్ స్కిన్ కావాలంటే క్రేట్లు, అంటే లోపల ఏముందో తెలియని పెట్టెలు, తెరవాలి. తెరిచిన ప్రతిసారీ పెట్టె ఊగుతుంది, మెరుస్తుంది, చివరికి ఏదో టోపీయో చొక్కానో పడుతుంది. తుపాకీ గురి మారదు, దెబ్బ పెరగదు. మారేది లాబీలో ఫ్రెండ్స్ ముందు పరువు. యూట్యూబ్‌లో క్రేట్ ఓపెనింగ్ వీడియోలకు లెక్కే లేదు. ఇదంతా చూసే పదమూడేళ్ల పిల్లాడికి యూసీ, అంటే క్రేట్లు కొనే గేమ్ నాణేలు, టాప్ అప్ చేయడానికి అమ్మ ఫోన్ పిన్ తెలిస్తే చాలు. ఇంత తతంగంలో నెత్తురు చుక్క లేదు. పాత కొలతతో చూస్తే వెతికినా తప్పు దొరకదు.

రేటింగ్ ఒకవైపు చూస్తుంటే దెబ్బ ఇంకోవైపు తగిలిందనడానికి ఫోర్ట్‌నైట్ మరో సాక్ష్యం. దానికి ఈఎస్‌ఆర్‌బీ టీన్ రేటింగ్, అంటే పదమూడేళ్లు నిండినవాళ్లకని, ఇచ్చింది హింస పేరుతో. దాని యజమాని ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీకి 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నది మాత్రం హింసకి కాదు. పిల్లల వివరాలు అనుమతి లేకుండా పోగుచేసినందుకు, ఒక్క బటన్ తప్పు నొక్కితే డబ్బు పోయేలా తెరను తయారుచేసినందుకు.

ఇవన్నీ లేబుల్‌లో ముందే ఉన్నాయిగా అంటారు కొందరు. నిజమే, ఉన్నాయి. ఈఎస్‌ఆర్‌బీ 2020లోనే యాదృచ్ఛిక వస్తువుల కొనుగోళ్లు ఉన్నాయని చెప్పే ముక్క చేర్చింది. గుర్తులు ఎక్కువైతే తల్లిదండ్రులు అసలే చదవరనీ, చిన్న డెవలపర్లకు భారమనీ కూడా అంటారు. చదవకపోవడానికి కారణం ఎక్కువై కాదు, కనిపించక. ప్లే స్టోర్‌లో అంకె మీద వేలు పెట్టి, ఇంకో పేజీలోకి పోయి, బూడిదరంగు ఇంగ్లిష్ అక్షరాల్లో వెతుక్కోవాలి. పైగా ఆ ముక్క ఉన్నా అంకె మాత్రం 3 దగ్గరే ఉండొచ్చని మొదట్లోనే చూశాం. ఇక భారమంటారా, ప్లే స్టోర్ లాంటి చోట్ల గేమ్‌లకు అంకె ఇచ్చే ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ పద్ధతిలో డెవలపర్ ఎలాగూ ఆన్‌లైన్ ప్రశ్నావళి నింపుతున్నాడు. ఇంకో నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే చెయ్యేం నొప్పెట్టదు.

చేయాలనుకున్న దేశాలు చేశాయి. జర్మనీలో 2023 నుంచి లోపలి కొనుగోళ్లు, లాటరీ పెట్టెలు, రోజూ వచ్చి ఆడాల్సిందేనన్న ఒత్తిడి కూడా వయసును నిర్ణయిస్తున్నాయి. ఆ కొలతతో పై ఫుట్‌బాల్ గేమ్‌కే, ఎఫ్‌సీ 24కి, అక్కడ 12 పడింది. ఆస్ట్రేలియాలో 2024 సెప్టెంబరు 22 నుంచి డబ్బు పెట్టి కొనే లాటరీ పెట్టె, అంటే లూట్ బాక్స్, ఉంటే కనీసం ఎమ్ రేటింగ్, అంటే పదిహేనేళ్లు దాటినవాళ్లకు తగినదని. క్యాసినోను అనుకరిస్తే 18. ఇది నాకు నచ్చిన పని: వివరం అంకె పక్కన బిచ్చగాడిలా నిలబడకుండా అంకెనే మార్చింది.

మన దగ్గరికొస్తే అసలు వీడియో గేమ్‌లకంటూ రేటింగ్ సంస్థే లేదు. ఐఏఆర్‌సీ ఇచ్చే సాధారణ అంకె మన ఫోన్లలో కనిపిస్తుంది, దాన్ని మనవాళ్లెవరూ నిర్ణయించలేదు. ఓటీటీలకు 2021 ఐటీ రూల్స్‌లో 7+, 13+, 16+ పెట్టారు, సినిమా సెన్సారుకూ తర్వాత అవే తెచ్చారు. గేమ్‌ల దగ్గరికి వచ్చేసరికి మన ప్రభుత్వాలకు తెలిసిన మంత్రం ఒకటే, నిషేధం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ నిషేధించాయి. 2020 సెప్టెంబరులో పబ్‌జీ, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయాయి, అయితే పిల్లల మీద బెంగతో కాదు, చైనా మీద అనుమానంతో. పబ్‌జీ పేరు మార్చుకుని 2021లో బీజీఎంఐగా తిరిగొచ్చింది. వస్తూ వస్తూ మైనర్లకు తనే ఒక హద్దు పెట్టుకుంది: రోజుకు మూడు గంటలు, రోజుకు 7,000 రూపాయలు. రోజుకు! పిల్లాడి చేతికి అంత ఇచ్చే ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని ఉంటాయో గానీ, ఆ హద్దు పెద్దదా చిన్నదా అని అడిగే సంస్థ మాత్రం అప్పుడు దేశంలో ఒక్కటీ లేదు.

నిషేధానికి హెడ్‌లైన్ వస్తుంది, లేబుల్‌కి రాదు. అందుకే లేబుల్ ఎప్పుడూ వెనకబెంచీలోనే. తిండి ప్యాకెట్ల ముందు వైపు ఉప్పు, చక్కెర హెచ్చరికలు పెట్టే సంగతి ఏళ్ల తరబడి కమిటీల్లో నలుగుతోంది. అదే శాకాహారానికి పచ్చచుక్క పెట్టారు, అక్షరం ముక్క రానివాళ్లూ చూసి కొంటున్నారు. ఇన్‌స్టాల్ బటన్ పక్కనే అలాంటి గుర్తులు మూడు చాలు: డబ్బు లాగుతుంది, కొత్తవాళ్లు మాట్లాడతారు, రోజూ రమ్మంటుంది. గుర్తు మీద వేలు పెడితే వివరం తెలుగులో రావాలి. డెవలపర్ ప్రశ్నావళిలో నింపింది అబద్ధమని తేలితే జరిమానా పడాలి.

ఆన్‌లైన్ గేమింగ్ చట్టం 2025 ఇదంతా రాసుకోవడానికి దొరికిన మంచి అవకాశం. డబ్బు పందేల ఆటల్ని మూయించారు, గేమ్‌ల వర్గీకరణకు ఒక అథారిటీ అన్నారు. పిల్లలు క్రేట్లు తెరిచే గేమ్‌లకు తల్లిదండ్రులు చూసే లేబుల్ ఎలా ఉండాలన్న ఊసు మాత్రం సభలో రాలేదు. ఎలా వస్తుంది? ఆగస్టు 20న లోక్‌సభలో పెట్టి అదే రోజు, మర్నాడు రాజ్యసభలో, గందరగోళం మధ్యే బిల్లు కానిచ్చేశారు.